ఎడ్లు లేని బిడారు

రత్నశిల రాజ్యంలో ఏటా శరత్కాలం రాగానే మహారాజు కీర్తిధరుడు నూతనశిల్ప సభ తీర్చేవాడు. కొత్త మగ్గం కట్టిన సాలె, కొత్త ఏతం నిలిపిన రైతు, కొత్త కొలిమి పేర్చిన కమ్మరి, ఎవరైనా సరే తమ పనితనాన్ని ఆ సభలో చూపవచ్చు. రాజుగారు మెచ్చిన పనికి కావలసిన కలప, ఇనుము, పనివాళ్ల బత్తెం, సమస్తం రాజభండారమే భరించేది.

ఆ ఏడు సభామండపం కన్నుల పండువగా ఉంది. నూట ఎనిమిది చలువరాతి స్తంభాలకు పగడపు తీగెలు చుట్టారు. పైన కట్టిన ముత్యాల మేలుకట్టు గాలికి కదిలినప్పుడల్లా నేలమీద వెన్నెల చినుకులు రాలినట్టు వెలుగు చెదురుతోంది. వింజామరలు వీచే వనితలు, వెండి బెత్తాలు పట్టిన ప్రతీహారులు, వరుసలు తీరిన సామంతులు. ఆ వైభవం నడుమ, రంపపు పొట్టు అంటిన మోచేతులతో, కొంగు నడుముకు దోపుకుని, మాచాంబ నిలబడి ఉంది.

ఆమె రాచబండ్లు చేసే వడ్రంగి ఇంటి ఆడపడుచు. ఇరవయ్యారేళ్లు. తండ్రి పోయిన నాటినుంచి ఆయన కలప చెక్కిన బాడిస ఆమె చేతిలో ఆడుతోంది. అన్న కొమరన్న మాత్రం బండ్లు చేయడం కన్నా తోలడమే ఇష్టమని రాజుగారి సరుకుబండ్ల బిడారులో చేరిపోయాడు.

మాచాంబ మూరెడు పొడుగున్న బొమ్మబండిని సింహాసనం ముందు పెట్టి చేతులు జోడించింది.

"మహారాజా! గరుడశిఖరం పోయే ఊపిరికనుమలో పదకొండు మలుపులున్నాయి. మన బండి పొడుగు, మలుపు ఇరుకు. అందుకే కొండకింద సరుకు దించి, ఎడ్ల వీపుల మీద వేసి ఎక్కిస్తున్నాం. సగం సరుకే పైకి పోతోంది. ఈ బండికి ముందుచక్రాలు విడిగా తిరుగుతాయి. ఎంత ఇరుకు మలుపైనా పాములాగా ఒంగిపోతుంది. వెనకచక్రం దగ్గర పళ్లున్న ఇనపపంజా ఉంది చూడండి. బండి వెనక్కి జారబోతే ఇది నేలను కరిచి పట్టుకుంటుంది. నాకు టేకు దుంగలు, పదిమంది కమ్మర్లు, నలభై రోజుల గడువు ఇప్పించండి. ముప్పయ్యారు బండ్లు చేసి తమ బిడారుకు అప్పగిస్తాను."

రాజు ముందుకు వంగి బొమ్మబండిని వేలితో తిప్పి చూశాడు. ఆయన ముఖం వికసించింది. కాని మంత్రి సునందుడి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ప్రభూ, గరుడశిఖరం కోట మాట మరవకండి. అక్కడ నాలుగువేల ప్రాణాలున్నాయి. ఊరంతా జ్వరాలు. ధాన్యం ఇరవై రోజులకు మించి రాదు. రెండు నెలల్లో మంచు పడి కనుమ మూసుకుపోతుంది. నలభై రోజులు ఆగే వ్యవధి మనకెక్కడిది?"

ఆ మాట ముగియకముందే మండపంలో చలిగాలి వీచింది. దీపాలన్నీ ఒక్కసారి నీలంగా మారాయి. రాజప్రాంగణంలోకి బండ్లు వస్తున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పయ్యారు. వాటికి ఎడ్లు లేవు. తోలేవాడు లేడు. చక్రాలు కిర్రుమనడం లేదు. అలసిపోయిన మనుషులు చాలామంది ఒక్కచోట రొప్పుతున్నట్టు, ఏదో ఊపిరి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

వాటి ముందు వచ్చిన గూడుబండిలోంచి తెల్లని కంబళి అంగరఖా ధరించిన ఒక పొడగరి దిగాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా అతని నోటినుంచి ఆవిరి పొగలా వెలువడుతోంది. అతని అంగరఖా అంచు నేలమీద జీరాడుతోంది.

"నన్ను తుహినసిద్ధుడంటారు," అన్నాడు అతడు, పక్కవాడికే వినిపించేంత మెత్తగా. కాని ఆ మాట సభలో అందరికీ వినబడింది. "మహారాజా! రాజ్యపాలన తమ పని. బండ్లు తోలించడం తమ పనా? ఆ బరువు నా నెత్తిన పెట్టి నిశ్చింతగా ఉండండి. ఎడ్లను మేపనక్కరలేదు. గడ్డివాములు వేయనక్కరలేదు. ఇరుసుకు కందెన కూడా పూయనక్కరలేదు. రేపు ఉదయం బయలుదేరితే మూడోనాటికి ధాన్యం గరుడశిఖరంలో ఉంటుంది. పన్నెండేళ్ల పాటు తమ సరుకు రవాణా నాకు విడిచిపెట్టండి."

"ప్రతిఫలంగా నీకేం కావాలి?" అన్నాడు రాజు.

"తమ బిడారులో బండివాళ్లకు ఇక పని ఉండదు కదా. వాళ్ల చెర్నాకోలలు నాకిప్పించండి. చాలు. అయితే ఎవరి చేత్తో వాళ్లే, మనసారా ఇవ్వాలి."

సభ గొల్లుమని నవ్వింది. ఇంత చవకబేరం ఎవరూ ఎరుగరు. మహారాజు ఒక్క క్షణం మాచాంబ వైపు చూశాడు. "నీ పనితనం గొప్పదే తల్లీ. వచ్చే ఏడు తప్పకుండా ఆలోచిద్దాం," అన్నాడు. ఆమె బొమ్మబండిని ఒడిలో పెట్టుకుని వెనక్కి నడిచింది.

ఆ సాయంత్రమే ముప్పయ్యారుగురు బండివాళ్లు వరుసగా వచ్చి తమ చెర్నాకోలలు సిద్ధుడి చేతిలో పెట్టారు. ఇక ఎండకూ వానకూ తిరగక్కరలేదు, ఇంటిపట్టున కూర్చుంటే బత్తెం వస్తుందని వాళ్లకు సంబరం. కొమరన్న నవ్వుతూ ఇచ్చాడు. ఇవ్వనివాడు ఒక్కడే, బిడారు పెద్ద గురవయ్య. డెబ్బయ్యేళ్ల ఆ ముసలివాడు చెర్నాకోల చంకన పెట్టుకుని, "ఇది నా గొంతులాంటిది. నా గొంతు నేనెవరికీ ఇయ్యను," అని తన జత ఎడ్లను తోలుకుని వెళ్లిపోయాడు.

తుహినసిద్ధుడు ఆడిన మాట తప్పలేదు. ధాన్యం మూడోనాటికే కోట చేరింది. పావురం లేఖ తెచ్చింది. నగరంలో దీపాలు వెలిగించి పండుగ చేసుకున్నారు. ఎడ్లు లేని బిడారు పోతూ వస్తూ ఉంది.

నెల గడిచింది.

బండివాళ్ల వీధిలో మగవాళ్లు అరుగుల మీద కూర్చుంటున్నారు. పలకరిస్తే పలకరు. పగలంతా ఎటో దూరంగా చూస్తూ, ఆయాసపడుతూ ఉంటారు. మాచాంబ అన్నగారింటికి వెళ్లేసరికి వదిన చెన్నమ్మ గుమ్మంలో ఏడుస్తోంది.

"మాచా, మీ అన్నను చూడవే. నెలరోజులుగా ఈ అరుగు దిగలేదు. వీధిలోకైనా పోలేదు. ఆ కాళ్లు చూడు!"

మాచాంబ వంగి చూసింది. కొమరన్న అరికాళ్లు బొబ్బలెక్కి పగిలి, నెత్తురోడుతున్నాయి. మడమలో గులకరాయి గుచ్చుకుని ఉంది. అది నల్లరాయి. అలాంటి రాళ్లు ఊపిరికనుమలో తప్ప మరెక్కడా లేవు. అన్న మెడమీది గుడ్డ తొలగించి చూస్తే, ఎద్దు మెడమీద ఉన్నట్టు కాడి రాసిన పుండు.

"అన్నా! నేను మాచను. పలుకు!"

కొమరన్న పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. కూర్చున్నచోటే అతని కాలివేళ్లు ఒకదాని తరువాత ఒకటి నేలను తోస్తున్నాయి, ఎవరో కొండెక్కుతున్నట్టు.

"పగలూ రేయీ ఇంతేనమ్మా," అంది చెన్నమ్మ. "మధ్యాహ్నం అన్నం తినిపించేటప్పుడు మాత్రమే ఆగుతాయి ఆ కాళ్లు. ముద్ద అయిపోగానే మళ్లీ మొదలు. పక్కింట్లో అంతే. ఎదురింట్లో అంతే. నిన్న చివరింటి మల్లయ్య నెత్తురు కక్కుకున్నాడు."

మాచాంబ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ప్రతి అరుగు మీదా అవే కాళ్లు, అదే కదలిక. ఎండ చిటపటలాడే ఆ వేళ, ఖాళీ వీధిలో కనిపించని బిడారు ఒకటి సాగిపోతున్నట్టు ఊపిరి చప్పుడు. ఎడ్లు లేని బండ్లను ఎవరు లాగుతున్నారో ఆమెకు అప్పుడు అర్థమైంది.

పరుగున మంత్రి భవనానికి వెళ్లింది. సునందుడు అంతా విన్నాడు. తల ఎత్తలేదు.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి.

"తెలిసీ ఊరుకున్నారా?"

"గరుడశిఖరంలో నాలుగువేల మంది నోట్లోకి నాలుగువేళ్లు పోతున్నాయమ్మా. బండ్లు ఆగితే వాళ్లు పోతారు. ఆగకపోతే ముప్పయ్యారుగురు పోతారు. నువ్వు నా చోట కూర్చుంటే ఏం చేస్తావు?"

"అయ్యా, మీరు లెక్క ఒకటే చూస్తున్నారు. దారి రెండోది ఉందేమో చూడలేదు."

సునందుడు కళ్లు తుడుచుకున్నాడు. "కనుమ దారిలోకి వేరే బండి పోరాదని సిద్ధుడు రాజుగారి చేత ఆజ్ఞ రాయించుకున్నాడు. కావలివాళ్లు ఆపుతారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. దేవుడి పేరున తిరిగేవాళ్లకు ఆ ఆజ్ఞ వర్తించదు."

ఆ మాట చాలు మాచాంబకు. ఆమె దొడ్లో, రాజభండారం ఊసు లేకుండా, తండ్రి వదిలిన కలపతో సొంతంగా చేసుకున్న కొత్తరకం బండి ఒకటుంది. గురవయ్య దగ్గర ఎడ్లున్నాయి. తెల్లారేసరికి ఎడ్ల వీపుల మీద రంగురంగుల బొంతలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, నొసట గవ్వల పట్టీలు వెలిశాయి. బండికి పూలగుడారం కట్టి లోపల పసుపు పూసిన కొయ్యబొమ్మను నిలబెట్టారు. గురవయ్య తలపాగా చుట్టి సన్నాయి పట్టాడు. మాచాంబ నొసట పెద్ద బొట్టు, మెడలో పూసలు, భుజాన డోలు. ఆ రాత్రే తిరిగివచ్చిన బిడారు సరుకు ఎత్తుకుని మళ్లీ కదలడానికి రెండు రోజుల ముందే, గంగిరెద్దులవాళ్లు ఇద్దరు కనుమ దారి పట్టారు.

కావలిద్వారం దగ్గర భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరు మీరు? ఈ బండి ఏంది, ముందుచక్రాలు ఇట్టా వంకరపోతున్నయి?"

"దేవుడి రథం దొరా!" గురవయ్య నడుము వంచి దండం పెట్టాడు. "గరుడశిఖరంలో జ్వరాలంట గదా. శాంతి చేయను పోతన్నాం. అయ్యగారికి దండం పెట్టు బసవన్నా!"

ఎద్దు ముంగాళ్లు వంచి తల ఊపింది. భటుడు నవ్వేసి ఈటె ఎత్తాడు. తరువాత గొంతు తగ్గించాడు. "అమ్మా, తాతా, పోతే పోండి కానీ, పైన ఏం వినబడినా వెనక్కి చూడమాకండి."

ఊపిరికనుమ పగటిపూట కూడా కాంతిని మింగేసే చోటు. రెండువైపులా నల్లని కొండలు ఏనుగుల మందలా ఒరుసుకుని నిలబడ్డాయి. వాటి సందున తెల్లని పొగమంచు నదిలా పారుతోంది. చెట్ల కొమ్మలకు ఆకుల బదులు మంచు తునకలు గాజుముక్కల్లా వేలాడుతున్నాయి. పక్షి కూత లేదు. ఎక్కడో లోయలో ఎవరో నిట్టూర్చినట్టు గాలి.

ఆరో మలుపు దగ్గర ఎడ్లు బిగుసుకుపోయాయి. గురవయ్య అదిలించాడు. కదలలేదు. పొగమంచులోంచి రెండు వెలుగుచుక్కలు కనబడ్డాయి. తరువాత నాలుగు. తరువాత ఇరవై. మంచుతోడేళ్లు! వాటికి చర్మం లేదు, మాంసం లేదు. పొగ గడ్డకట్టి తోడేలు ఆకారం దాల్చినట్టున్నాయి. వాటి పాదాలు పడినచోట నేల తెల్లబడుతోంది.

"తాతా, తోలు!"

"మలుపు అమ్మా! ఈ వేగాన తిప్పితే లోయలో పడతాం!"

"పడం. తోలు!"

చెర్నాకోల ఛెళ్లుమంది. ఎడ్లు రెక్కలు వచ్చినట్టు దూకాయి. తోడేళ్లు వెంటబడ్డాయి. మలుపు ముంచుకొచ్చింది. ఇవతల కొండ, అవతల అగాధం, నడుమ రెండు బారల బాట. గురవయ్య కళ్లు మూసుకుని పగ్గం లాగాడు. ముందుచక్రాలు గిర్రున పక్కకు తిరిగాయి. బండి నడుములోంచి ఒంగినట్టు ఒంగి, ఒక వెనకచక్రం గాలిలో తేలి, మళ్లీ నేలకానింది. వేగం ఆపుకోలేని తోడేళ్లు ఒకదానిమీద ఒకటి పడి అగాధంలోకి జారిపోయాయి. కింద పడిన చప్పుడు రాలేదు. పొగ పొగలో కలిసిపోయింది.

ఒక్క తోడేలు మాత్రం బండి వెనక తడికను పట్టుకుంది. దాని శ్వాస తగిలి పూలగుడారం గడ్డకట్టి పగిలింది. మాచాంబ బాడిస తిప్పి దాని నుదుటి మీద కొట్టింది. అది ముక్కలై రాలింది. ప్రతి ముక్కలోంచీ ఒక మనిషి మూలుగు వినబడింది.

"బతికినాం," అన్నాడు గురవయ్య. పగ్గం సడలించాడు. "మీ నాయన చూసుంటే ఎంత మురిసేవాడో!"

పదో మలుపు దాటిన తరువాత బాట కాస్త విశాలమైంది. అక్కడొక పాత సుంకపు చావడి. దాని గోడల చాటున బండిని దాచి ఇద్దరూ ఎదురుచూశారు. మూడోనాటి మధ్యాహ్నానికి ఊపిరి చప్పుడు వినవచ్చింది.

బిడారు వస్తోంది. ముందు సిద్ధుడి బండి, దాని మీద తెల్లని కంబళి గూడు. వెనక ముప్పయ్యారు ధాన్యపు బండ్లు. కాడి గాలిలో తేలుతోంది. కాడికింద ఎవరూ లేరు. కాని మెత్తని బురదలో అడుగులు పడుతున్నాయి. కుడి పాదం, ఎడమ పాదం, మళ్లీ కుడి. పాదం కనిపించదు. అడుగు మాత్రం దానంతట అది నేలలో దిగబడుతుంది. దిగబడిన ప్రతి అడుగులోనూ ఎర్రని తడి.

నాలుగో బండి ముందు పడే అడుగుల్లో ఎడమకాలికి చిటికెనవేలు లేదు. చిన్ననాడు తండ్రి గొడ్డలి జారి అన్న వేలు తెగిన రోజు మాచాంబకు జ్ఞాపకం. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నా," అంది లోపల్లోపల.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. చక్రాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అక్కడ, మూడు రోజుల దూరాన, బండివాళ్ల వీధిలో భార్యలు భర్తలకు అన్నం కలిపి పెడుతున్నారు. ఆ ముద్దలు అయిపోయేలోగా పని పూర్తి కావాలి.

"తాతా, మొదట వెనకచక్రాలకు రాళ్లు! ఇప్పుడు వాళ్లను విడిపిస్తే ధాన్యమంతా వెనక్కి దొర్లి లోయలో పడుతుంది."

ఇద్దరూ వంగి పరిగెత్తారు. ఒక్కో వెనకచక్రం కింద ఒక్కో నల్లరాయి. గురవయ్య అటువైపు, మాచాంబ ఇటువైపు. రాయి చల్లదనానికి వేళ్లు మొద్దుబారాయి. ఒకచోట రాయి జారింది. బండి జానెడు వెనక్కి కదిలింది. గురవయ్య భుజం ఆనించి ఆపి, పళ్ల బిగువున, "పెట్టు, పెట్టు!" అన్నాడు. ముప్పయ్యారో బండి చక్రాల కింద రాళ్లు పడగానే ఆమె సిద్ధుడి బండి ఎక్కింది.

గూడులో తుహినసిద్ధుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పైకప్పు వాసాలకు ముప్పయ్యారు చెర్నాకోలలు వేలాడుతున్నాయి. గాలి లేకుండానే ఊగుతున్నాయి. దగ్గరికి వెళ్లేసరికి వాటిలోంచి గొంతులు వినబడ్డాయి. "హై... హైహై... పద నాయనా, పద..." అందులో ఒకటి కొమరన్న గొంతు. చంటిపిల్లగా ఆమెను బండిలో పడుకోబెట్టుకుని పాడుతూ తోలిన గొంతు.

మాచాంబ బాడిస ఎత్తింది. ఒక్కో వేటుకు ఒక్కో చెర్నాకోల. తెగినప్పుడల్లా ఒక గొంతు, పంజరంలోంచి వదిలిన పిట్టలా, చెవిపక్కగా ఎగిరిపోయింది. పది. ఇరవై. ముప్పై. ఆఖరిది తెగేసరికి కనుమలో ఊపిరి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

బయట బురదలో అడుగులు వెనక్కి తిరిగాయి. ముప్పయ్యారు జతల అడుగులు ఇంటిముఖం పట్టాయి. వాటిలో ఒక జత మాత్రం సిద్ధుడి బండి దగ్గరికి వచ్చి, మాచాంబ ఎదుట ఒక్క క్షణం ఆగింది. తరువాత అదీ కదిలింది. పది బారల దూరం పోయాక అడుగులన్నీ మాసిపోయాయి.

"ఏం చేశావు?"

తుహినసిద్ధుడు కళ్లు తెరిచాడు. అతని చేయి ఆమె మణికట్టును పట్టుకుంది. చలి భుజం దాకా పాకింది. బాడిస పిడి అరచేతికి అతుక్కుపోయింది.

"వాళ్ల బదులు నీది ఇవ్వు! నీ చెర్నాకోల ఇవ్వు!"

"నేను వడ్రంగిని. నాకు చెర్నాకోల లేదు!"

ఆమె ఒంట్లో సత్తువంతా కూడదీసి వెనక్కి తూగింది. ఇద్దరూ బండిమీంచి కిందపడ్డారు. దొర్లి దొర్లి చావడి గోడ దాకా వెళ్లారు. అక్కడున్న ఆమె బండి ఇనపపంజాకు సిద్ధుడి అంగరఖా చిక్కుకుని సర్రున చిరిగింది. అతడు కెవ్వుమని అరిచి కాళ్లు దాచుకోబోయాడు. మాచాంబ చూసేసింది.

అతని పాదాలు అరిగిపోయి ఉన్నాయి. మాంసం లేదు. ఎముకలకు నరాలు అంటి ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఆగకుండా నడిస్తే తప్ప అట్లా కావు. మెడ చుట్టూ కాడి పుండు మానక నల్లబడిపోయింది.

ఆమె ఎత్తిన బాడిస దించేసింది. "నువ్వు కూడానా?"

సిద్ధుడు చిరిగిన అంగరఖాను పాదాల మీదికి లాక్కున్నాడు. అతని నోటినుంచి వచ్చే ఆవిరి తగ్గిపోయింది.

"మూడువందల ఏళ్లు," అన్నాడు. "తూర్పుదేశంలో బండివాణ్ణి. ఇంటిపట్టున కూర్చుంటే బత్తెమిస్తామంటే చెర్నాకోల ఇచ్చేశాను. పుచ్చుకున్నవాడు ఈ లోయ అడుగున ఉంటాడు. నా బదులు నడిచేవాళ్లను తెస్తే నా కాళ్లకు విశ్రాంతి ఇస్తానన్నాడు. తెచ్చాను. ఎన్ని రాజ్యాల్లో తెచ్చానో." అతడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నన్ను చంపెయ్యి. బండ్లు ఆగాయి. ఎందుకు ఆగాయో చూడడానికి అతడు పైకి వస్తాడు."

ఆ మాటకు జవాబన్నట్టు, కింద పొగమంచు అడుగునుంచి చక్రాల చప్పుడు మొదలైంది. ఊపిరి చప్పుడు కాదు. కొండను పిండి చేస్తూ దొర్లే బ్రహ్మాండమైన చక్రాలవి. ఎడ్లు చెవులు రిక్కించి రంకె వేశాయి. ఆకాశంలోంచి మొదటి మంచుపూత రాలింది.

"అమ్మా, పోదాం పద," అన్నాడు గురవయ్య. "ప్రాణాలుంటే సాలు."

మాచాంబ పైకి చూసింది. అర్ధక్రోసు దూరాన గరుడశిఖరం బురుజులు మబ్బుల్లో బూడిదరంగుగా ఉన్నాయి. రాళ్లమీద ఆగిన ముప్పయ్యారు బండ్ల ధాన్యం, దాని కోసం కాచుకున్న నాలుగువేల మంది.

"తాతా, సన్నాయి ఊది కోటవాళ్లను పిలువు. మోకులు తీసుకుని రమ్మను. కాళ్లాడినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమంది. ఈలోగా మన బండి వెనక ఒక్కొక్కటే కట్టి ఎక్కిద్దాం. నా బండి వెనక్కి జారదు."

"సన్నాయి నేనూదితే ఎడ్లను తోలేదెవరు? నీకా పిలుపు రాదు గదా!"

మాచాంబ నేలమీద కూర్చున్న తుహినసిద్ధుడి వైపు తిరిగింది. అతని ముఖంలో భయం తప్ప మంత్రం లేదు. గురవయ్య చేతిలోంచి చెర్నాకోల తీసుకుని, అతని ముందు పట్టుకుంది.

"ఇది నీకిస్తున్నది కాదు. పని అయ్యాక తాతకు తిరిగి ఇవ్వాలి. నిజం ఎడ్లను తోలడం జ్ఞాపకముందా?"

అతడు చెర్నాకోలను తాకలేదు. దానికేసి చూస్తూ ఉండిపోయాడు. కింద చక్రాల చప్పుడు పదకొండు మలుపుల్లో మొదటిది దాటింది. అప్పుడతడు చెర్నాకోల అందుకుని, ఆ అరిగిన పాదాల మీద తూలుతూ లేచాడు. ఎడ్ల దగ్గరికి పోయి, వాటి మెడలు నిమిరాడు. గురవయ్య వైపు తిరిగాడు.

"దాపల ఎద్దు పేరేమిటి పెద్దాయనా?"

"మేఘన్న," అన్నాడు గురవయ్య, పెదవి బిగించి.

"హై... మేఘన్నా..." ఆ గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది. ఎద్దు కదలలేదు. రెండోసారి పిలిచాడు. ఈసారి కనుమ అంతటా ఆ పిలుపు మారుమోగింది. మేఘన్న మెడ వంచి కాడిని ముందుకు తోసింది. వెనకచక్రం దగ్గర ఇనపపంజా టిక్కుమని ఒక పన్ను ఎక్కింది. మరో పన్ను. వెనక మాచాంబ కట్టిన ధాన్యపు బండి రాతిని వదిలి కదిలింది.

పైన సన్నాయి మోగుతోంది. కింద చక్రాలు రెండో మలుపు తిరిగాయి.